పగలని గాజు పట్టీ

నా కోపం సంగతి ముందుగా నేనే చెబుతాను. మొఘల్‌పురాలో ఎవరినడిగినా ఎలాగూ చెబుతారు, వామన్‌రావుకు కోపం ముక్కు మీదే ఉంటుందని. మా ఇంట్లో లాంతరు బుడ్డి పగిలితే నా భార్య గోదా ఆ ముక్కలు కొంగులో దాచుకుని దొడ్డిదారిన పారేసి వచ్చేది. కొత్త బుడ్డి తెప్పించి, దానికి పొయ్యి మసి పట్టించి, పాతదాని చోట పెట్టేది. ఈ సంగతి నాకు తెలిసింది ఇరవయ్యేళ్ల కాపురం తర్వాత. తెలిసినప్పుడు నవ్వాను. నన్ను చూసి ఇల్లంతా హద్దుల్లో ఉంటుందని లోలోపల కాస్త గర్వపడ్డాను కూడా.

ఇప్పుడు 1946. ఎక్కడైనా గాజు పగలకుండా ఉందంటే నాకు భయం. ఎందుకో చెప్పాలంటే తొమ్మిదేళ్లు వెనక్కి పోవాలి.

1937లో సర్కారుకు ఒక మంచి బుద్ధి పుట్టింది. పాతబస్తీలో సర్కారు దఫ్తర్లన్నీ ఎప్పుడో నవాబులు కట్టుకున్న దేవిడీల్లో, అంటే పెద్ద మేడల్లో, ఉండేవి. జనానా గదుల్లో గుమాస్తాలు, గుర్రపుసాలల్లో కాగితాలు. దూలాలకు చెద. వానాకాలం వస్తే గుమాస్తాలు ఒక చేత్తో రాస్తూ, ఇంకో చేత్తో కారే చోటికి గిన్నె జరుపుకునేవాళ్లు. ఏదైనా కూలిన తర్వాత పరుగెత్తడం కాదు, ఇరవయ్యేళ్లకు సరిపడా ఆలోచన ముందే చేసిపెట్టుకోవాలని పైనుంచి హుకుం వచ్చింది. ఏ ఇమారత్‌ను ఏ ఏడు బాగుచేయాలి, దేన్ని పడగొట్టి కొత్తది కట్టాలి, ఏది ఇంకో పదిహేనేళ్లు నిలబడుతుంది, అంతా ఒక పెద్ద పట్టికలో ఎక్కాలి. ఏడాదికి రెండు కంటే ఎక్కువ కట్టలేరు. కాబట్టి ఆ పట్టికలో వరసే ప్రాణం. ఎర్రరంగు పూసినవి మొదటి ఐదేళ్లలో పడగొట్టేవి. పసుపు పూసినవి మరమ్మతుకు. ఆకుపచ్చ పూసినవాటి జోలికి చివరి ఐదేళ్ల దాకా ఎవరూ పోరు.

మొత్తం నలభై మూడు దఫ్తర్లు. ఓవర్సీరుగా వాటిని చూసి వరస కట్టే పని నాకిచ్చారు. మా ఇంజనీరు సాబ్ నన్ను పిలిచి ఒకే మాట చెప్పాడు.

"సిఫారసులు మస్తు వస్తయి వామన్‌రావ్. ప్రతి అఫ్సరు నా దఫ్తరే ముందు కట్టాలంటడు. ఎవ్వని మాట వినకు. గోడ ఏం చెప్తే గదే రాయి."

ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. అంతకుముందు ఏ పని చేసినా ఎవరో ఒకరి మనిషికి మేలు చేసినట్టే అయ్యేది. ఈ ఒక్క పనిలో అలా జరగనివ్వనని అనుకున్నాను.

గోడ చెప్పేదెలా అంటే గాజు పట్టీతో. జానెడు పొడవున్న పలుచని గాజు ముక్కను గోడ బీటకు అడ్డంగా పెట్టి, రెండు కొసలనూ గచ్చుతో బిగిస్తారు. గచ్చు పచ్చిగా ఉండగానే మేకుతో తారీఖు గీస్తారు. బీట పాతదై గోడ నిద్రపోతూ ఉంటే గాజు అలాగే ఉంటుంది. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు విరుగుతుంది. నా వెంట వచ్చే సున్నం మేస్త్రీ బుచ్చయ్య దాన్ని గవాహి అనేవాడు, అంటే సాక్షి.

"మనిషి గవాహి బెదిరిస్తే మారుతడు సాబ్. గిది మారదు," అనేవాడు.

మా ఇంటికి నాలుగు సందుల అవతల, పాత భూముల కాగితాలు దాచే దఫ్తరు ఒకటి ఉండేది. ఎప్పుడూ కిటికీలు మూసే ఉంటాయి కాబట్టి జనం దాన్ని బంద్ దేవిడీ అనేవాళ్లు. ముందు వరండాలో ఐదారుగురు గుమాస్తాలు. వెనక పొడుగాటి హాలు. అందులో నేల నుంచి కప్పు దాకా చెక్క అరలు, అరల నిండా ఎర్రగుడ్డలో కట్టిన కాగితాల బస్తాలు. పడమటి గోడ మీద కప్పు నుంచి నేల దాకా ఒక బీట. ఆ బీట కిందే, గోడకు వీపు ఆనించి, దఫ్తరీ ఓదెలు కూర్చునేవాడు.

దఫ్తరీ పని బస్తాలు కట్టడం, విప్పడం, చిరిగిన కాగితాన్ని అతికించడం, అడిగిన బస్తా తెచ్చివ్వడం. ఓదెలు ముప్పయ్యేళ్లుగా అదే చేస్తున్నాడు. ఏ కాగితమూ పారేయడు. పురుగు కొట్టి రాలిన మూల ముక్కను కూడా చిన్న పొట్లం కట్టి, అది ఏ బస్తాలోదో, ఏ తారీఖున రాలిందో పైన రాసి అదే బస్తాలో పెడతాడు. అంత జాగ్రత్త మనిషి. ఇంకో రెండున్నరేళ్లయితే వజీఫా, అంటే పింఛను, తీసుకుని ఇంట్లో కూర్చుంటాడు.

మేం పోయిన మొదటిరోజే ఓదెలు నాతో, "గోడ సప్పుడు చేస్తది సాబ్," అన్నాడు.

"ఎట్ల?"

"నిద్రల మనిషి పండ్లు నూరినట్టు నూరుతది. మధ్యాన్నం అందరు అన్నం తినపోతరు గద, గప్పుడు వినవడ్తది."

నేను గోడకు చెవి పెట్టి విన్నాను. చల్లగా తగిలింది. పాత కాగితాల వాసన. లోపలెక్కడో సన్నగా ఇసుక రాలినట్టయింది, అంతే. ఎలుకలేమో అన్నాను.

బుచ్చయ్య ఐదు చోట్ల పట్టీలు బిగించాడు. నేను తారీఖు గీశాను. గచ్చు ఇంకా ఆరలేదు, ఓదెలు భుజం మీది గుడ్డ తీసి గాజు మీద పడ్డ సున్నం చుక్క తుడవబోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"చెయ్యి తియ్. గిది సర్కారు సామాను. నీ హవాలా చేసి పోతున్న, యాద్ పెట్టుకో. పగిలిందా, నీ మీదనే రాస్త. నీ వజీఫా ఎట్లొస్తదో నేను చూస్త."

ఏ దఫ్తరుకు పోయినా నేను అనే మాటే ఇది. ఓదెలు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అట్లనే సాబ్," అన్నాడు. ఆ తర్వాత మేమున్నంతసేపూ గోడకు రెండడుగుల దూరంలో నిలబడ్డాడు గానీ వచ్చి తన చోట కూర్చోలేదు.

వానలు వెళ్లాక మళ్లీ పోయాం. ఐదు పట్టీలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. గచ్చు ముద్దలు కాస్త కొత్తగా కనిపించాయి. ఏటా సర్కారు జల్సా పండుగకు ముందు దఫ్తర్లన్నిటికీ వెల్లవేస్తారు, ఆ వెల్ల పడి ఉంటుందిలే అనుకున్నాను. నేను అడగకముందే ఓదెలు, "పగలలేదు సాబ్," అన్నాడు. నేల చూస్తూ అన్నాడు.

బుచ్చయ్య గోడ మీద అరచెయ్యి వేసి, కిందికీ పైకీ రాశాడు. "సాబ్, నడుమల జెర ఉబ్బినట్టుంది. కడుపొచ్చింది దీనికి," అన్నాడు.

"గవాహి కన్న నీకెక్కువ ఎర్కనా? గాజు ఏమంటుందో కండ్లు పెట్టి చూడు," అన్నాను. బుచ్చయ్య గోడ మీంచి చెయ్యి తీశాడు. తట్ట నెత్తిన పెట్టుకుని బయటికి పోయాడు.

మరుసటి ఏడు, 1938 వానల తర్వాత, పట్టిక పూర్తిచేసే వేళకు ఇంకోసారి పోయాను. మధ్యాహ్నం. గుమాస్తాలు అన్నానికి పోయారు. ఓదెలు బస్తా ఇవ్వడానికి ఎక్కడికో వెళ్లాడు. హాల్లో ఒక్కణ్ణే కూర్చుని రాసుకుంటున్నాను. అప్పుడు విన్నాను. పళ్లు నూరిన చప్పుడు. వీపు వెనక నుంచి, మెల్లగా, ఆగి ఆగి. నా మెడ మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. లేచి లాంతరు పట్టుకుని ఐదు పట్టీలూ ఒకటొకటిగా చూశాను. ఐదూ చెక్కుచెదరలేదు. పిరికితనానికి నన్ను నేనే తిట్టుకున్నాను. చెవిని నమ్మలేదు, గాజును నమ్మాను. బంద్ దేవిడీకి ఆకుపచ్చ రంగు పూసి పదిహేడో ఏట రాశాను. అంటే 1955 దాకా దాన్ని ఎవరూ ముట్టుకోనక్కర్లేదు.

1939 శ్రావణంలో మూడురోజులు ముసురు పట్టింది. నాలుగోరోజు పొద్దున పదకొండింటికి బంద్ దేవిడీ పడమటి గోడ కూలింది. గుమాస్తాలు వరండాలో ఉన్నారు, వాళ్లకేమీ కాలేదు. హాల్లో ఓదెలు ఒక్కడే ఉన్నాడు.

బస్తాలు, దూలాలు, మట్టి ఎత్తి అతన్ని బయటికి తీసేసరికి సాయంత్రమైంది. నేనక్కడే ఉన్నాను. ఓదెలు కుడిచేతి వేళ్లకు సున్నం అంటి ఉంది. పక్కనున్నవాళ్లెవరో, "పాన్ కట్టుకుంటుండె పాపం," అన్నారు. కావచ్చు అనుకున్నాను. గోడలో నిలిచి ఉన్న ముక్క మీద ఒక గాజు పట్టీ ఇంకా ఉంది. పగలలేదు. దాని మీద 1937 తారీఖు, నా గీతే. గచ్చు మీద బొటనవేలు పెడితే లోపలికి దిగింది. వాన తడి అనుకున్నాను. మనిషి చూడదలచుకోకపోతే బొటనవేలు దిగినా చూడడు.

గోడ ఎందుకు కూలిందని పైవాళ్లు అడిగితే అందరం ఒకటే చెప్పాం, అతివృష్టి అని. ఇరవయ్యేళ్ల పట్టిక అప్పటికే శుభ్రంగా రాయించి, తోలు అట్ట వేయించి సిద్ధంగా ఉంది. ఇంకో రెండు వారాలకు, శనివారం, సంతకానికి పోవాలి. అందులోంచి బంద్ దేవిడీ పేరు కొట్టేస్తే సరిపోతుందన్నారు.

దినాలైన మర్నాడు ఓదెలు భార్య నాగమణమ్మ మా ఇంటికొచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గడప బయట మెట్టు మీద కూర్చుని, ఒడిలోంచి ఒక బస్తా తీసింది. ఎర్రగుడ్డ, నాలుగు మూలలూ సమంగా, దఫ్తరీలు వేసే ముడి.

"మీ సామాను సాబ్. వజీఫా అయిన్నాడు మీకు అప్పజెప్పి మాఫీ అడుగుదమనుకున్నడు. గిట్లయింది. మరి మీకే ముట్టాలె గద."

విప్పాను. లోపల గాజు ముక్కలు. ప్రతి పట్టీ రెండుగానో మూడుగానో విరిగి ఉంది. విరిగిన ముక్కలను కలిపి దారంతో కట్టి, చీటీ చుట్టి, చీటీ మీద నంబరు, తారీఖు, గోడ మీద ఎన్నో పట్టీనో రాసి ఉంది. ముప్పై ఒకటి. మొదటిది మేం పట్టీలు పెట్టి వచ్చిన నలభై ఒకటో రోజున విరిగింది. తర్వాతది మూడు నెలలకు. ఆ తర్వాత నెలకు, ఇరవై రోజులకు, పదిరోజులకు. చివరి వారంలో రోజుకొకటి. ఆఖరి రెండు చీటీల మీద ఒకే తారీఖు ఉంది, ఒకటి పొద్దున, ఒకటి పగటి మూడింటికి. గోడ కూలడానికి ముందురోజు అది. రెండేళ్లుగా గోడ ఎలా నడిచిందో, ఏ ఇంజనీరూ రాయలేనంత శుభ్రంగా ఓదెలు రాసిపెట్టాడు. పారేయడం ఆయనకు తెలియదు కదా.

"గాజు యాడికెల్లి తెచ్చేటోడు?" అని అడిగాను.

"పటాలు కట్టే దుకాణంల. గచ్చు మా వాకిట్లనే కలుపుకునేటోడు, బెల్లంనీళ్లు పోసి. గాజు కొత్తగ కండ్లవడ్తదని పొయ్యి మసి రాసి తుడిచేటోడు. మీ రాత మస్తు దినాలు నేర్చుకున్నడు సాబ్, మేకు పట్టుకొని, పలక మీద."

పొయ్యి మసి. తల తిప్పి చూశాను. గోదా తలుపు పక్కన నిలబడి వింటోంది. నా చూపు తగలగానే నేల చూసింది. ఆ చూపు ఓదెలు చూపే.

"నాగమణమ్మా, ఓదెలు పాన్ తింటుండెనా?"

"ఎన్నడు తినలే సాబ్."

ఆమె విప్పిన ఎర్రగుడ్డ మూలలు సర్దింది. తర్వాత ఆమె అడిగింది. "గిది సర్కారుకు చెప్తరా? సర్కారు గాజు మార్చిండని తెలుస్తే నాకచ్చే వజీఫా ఆపుతరంట. గుమాస్తాలు అనుకుంటుండ్రు, ఆయన సేతికి సున్నమేందని."

"ఫికర్ జెయ్యకు," అన్నాను. ఏం చేస్తానో నాకే తెలియదు.

ఆమె పోయాక బస్తా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దీన్ని దాచేయడం చాలా తేలిక. బస్తా బావిలో వేస్తే సరి. అతివృష్టి, అందరూ ఒప్పుకున్నారు. నాగమణమ్మకు వజీఫా వస్తుంది, నా నౌకరీ నాకుంటుంది. అంతా ఒప్పేసుకుని గోదా వడ్డించిన కంచం ముందు కూర్చున్నాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే మా పడమటి గోడలోంచి వినబడింది. పళ్లు నూరిన చప్పుడు.

చెయ్యి ఆగిపోయింది. అప్పుడు తట్టింది నాకు అసలు సంగతి. పగిలిందా నీ మీదనే రాస్త అని నేను అన్నది ఒక్క ఓదెలును కాదు. నలభై మూడు దఫ్తర్లలో నలభై ముగ్గురిని అన్నాను. పట్టికలో ఆకుపచ్చ రంగు పూసిన ప్రతి గోడకూ సాక్ష్యం పగలని గాజు. అది గోడ నిద్రపోవడం వల్ల పగలలేదో, ఒక మనిషి భయపడడం వల్ల పగలలేదో నాకు తెలియదు. వాటి కింద గుమాస్తాలు కూర్చుని రాసుకుంటున్నారు. వాళ్లను పదిహేడేళ్లు అక్కడే కూర్చోబెట్టే కాగితం శనివారం సంతకానికి పోతుంది. ఆరోజు బుధవారం.

నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ చెప్పేది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం. అయినా బస్తా చంకన పెట్టుకుని బయల్దేరాను.

మొదటి దఫ్తరులో జమాదారును, అంటే బంట్రోతుల పెద్దను, మెల్లగా అడిగాను, గాజు ఎప్పుడైనా పగిలిందా అని. "లేదు సాబ్," అన్నాడు. రెండోచోట, "లేదు సాబ్." మూడోచోటా అంతే. అందరూ నా చెప్పుల వైపు చూసే చెప్పారు. నేను ఎంత మెత్తగా అడిగితే వాళ్లు అంత భయపడుతున్నారు. మెత్తగా అడిగే వామన్‌రావును వాళ్లెప్పుడూ చూడలేదు మరి.

నాలుగోది పాత గుర్రపుసాల దఫ్తరు. అక్కడా జమాదారు లేదన్నాడు. నేను మెట్లు దిగిపోతుంటే ఊడ్చే రాజమణి చీపురు పక్కన పెట్టి అంది.

"పగిలిందని మీ మొఖం మీద ఎవ్వడంటడు సాబ్? గోడ పడ్తదన్న భయం కన్న మీరొస్తరన్న భయమే ఎక్కువుండె ఈళ్లకు."

జమాదారు ఆమెను ఊరుకోమని సైగ చేశాడు. ఆమె ఊరుకోలేదు. మెట్ల కింది గూట్లో చెయ్యి పెట్టి ఒక గుడ్డమూట తీసింది. విరిగిన పట్టీలు నాలుగు. నేను అక్కడే మెట్టు మీద కూలబడి నా బస్తా విప్పాను. ఓదెలు కట్టిన ముప్పై ఒకటీ వరసగా పేర్చాను. ఇవి ఎవరివో, ఎందుకు మార్చాడో, ఎలా చచ్చిపోయాడో చెప్పాను. నా నోటి వల్లే చచ్చిపోయాడని కూడా చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. జమాదారు చాలాసేపు ఆ చీటీలు చూసి, "మావి నాలుగు కాదు సాబ్, ఆరు," అన్నాడు.

గురువారం, శుక్రవారం తిరిగాను. దఫ్తర్లు మూసి ఉంటే ఇళ్లకు పోయాను. ప్రతిచోటా ముందు బస్తా విప్పాను, తర్వాతే అడిగాను. బంద్ దేవిడీతో కలిపి పదహారు దఫ్తర్లలో గాజు మార్చారు. పదహారులో పదకొండు నా పట్టికలో ఆకుపచ్చవి.

శుక్రవారం సాయంత్రం అర్జీ రాయడానికి కూర్చున్నాను. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా పని. నిజం రాస్తే ఓదెలు నేరస్తుడు, నాగమణమ్మ వజీఫా పోతుంది, ఇంకో పదిహేనుమంది నౌకరీలు పోతాయి. రాయకపోతే ఆ గోడలు కూలతాయి. చాలాసేపు ఆలోచించి ఒక అబద్ధం ఖాయం చేసుకున్నాను. "పగిలిన పట్టీలను మార్చమని దఫ్తరీ ఓదెలుకూ, తక్కిన పదిహేనుమందికీ నేనే హుకుం ఇచ్చాను. వాళ్లు నా హుకుం ప్రకారమే చేశారు. తప్పు పూర్తిగా నాది." ఇలా రాశాను. సంతకం పెట్టబోతూ మళ్లీ చదివాను. అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.

ఇంజనీరు సాబ్ అర్జీ రెండుసార్లు చదివాడు. "ఎందుకిచ్చినవ్ గసొంటి హుకుం?" అన్నాడు.

"నాకు కోపమెక్కువ సాబ్," అన్నాను.

ఆయనకు అర్థమైందో లేదో తెలియదు. నన్ను నౌకరీ నుంచి తీసేశారు. నాగమణమ్మకు వజీఫా వచ్చింది. పట్టిక తోలు అట్ట విప్పి మొదటి నుంచి మళ్లీ రాశారు. మరుసటి వానాకాలం లోపల రెండు దఫ్తర్లు ఖాళీ చేయించారు. వాటిలో గుర్రపుసాల దఫ్తరు భాద్రపదంలో కూలింది. లోపల పావురాలు తప్ప ఎవరూ లేరు.

ఇంతటితో నా కథ అయిపోవాలి. కాలేదు. ఇంట్లో కూర్చున్న ఈ ఏడేళ్లూ పళ్లు నూరే చప్పుడు నన్ను వదల్లేదు. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక మా పడమటి గోడలోంచి వస్తుంది. ఓదెలు నా చెవిలో కాపురం పెట్టాడనుకున్నాను. కొన్ని పొద్దులు ఆ గోడ దగ్గర భుజాన గుడ్డతో, తలవంచుకుని, రెండడుగుల దూరంలో ఎవరో నిలబడినట్టే ఉండేది. చూస్తే ఎవరూ ఉండరు. ఆ గోడకు సన్నని బీట ఉంటే బుచ్చయ్యను పిలిచి ఒక పట్టీ పెట్టించాను. రోజూ స్నానం చేసి రాగానే దాన్ని చూసేవాణ్ణి. ఏడేళ్లుగా పగలలేదు. చప్పుడు నా మనసులోదే, నా పాపం అది, అనుభవించాల్సిందే అనుకున్నాను.

"గోదా, నువ్వేం మార్చలేదు గద?" అని ఒకసారి అడిగాను.

"లేదండి," అంది. రెండోసారి అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

నిన్న నాగమణమ్మ వచ్చింది. ప్రతినెలా వజీఫా తెచ్చుకున్న రోజు వచ్చి గోదాతో కాసేపు కూర్చుని పోతుంది. ఈసారి చాలాసేపు కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు.

ఇవాళ పొద్దున సన్నగా వాన. నేను సంధ్యావందనం ముగించి లేస్తున్నాను. గోదా వచ్చి నా ఎదురుగా నిలబడింది. మామూలుగా తలుపు పక్కన నిలబడి మాట్లాడుతుంది, ఇవాళ ఎదురుగా నిలబడింది. నా అరచేతిలో రెండు గాజు ముక్కలు పెట్టింది.

"పగిలింది. ఇప్పుడే చూసిన," అంది. ఇంకో చెయ్యి కొంగులోంచి తీసింది. అందులో దారంతో కట్టిన పట్టీలు నాలుగు. "ఇది ఐదోది. ఈ నాలుగు నేనే మార్చిన. చెప్పక పెనిమిటిని పోగొట్టుకున్న, నువ్వన్న చెప్పమ్మా అని నాగమణమ్మ అన్నది. తిడితే తిట్టుండ్రి."

కోపం వచ్చింది. ఎందుకు రాదు? ఏడేళ్లు ఆ గోడ పక్కనే పడుకున్నాం. నోరు తెరిచాను. ఆమె కళ్లు మూసుకుంది, దెబ్బ పడబోయే మనిషి మూసుకున్నట్టు. నేను ఆమెను ఎన్నడూ కొట్టలేదు. అయినా అలా మూసుకుంది. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

"తారీఖులు రాసుకున్నవా?" అని అడిగాను చివరికి.

కళ్లు తెరిచి చూసింది. "రాసుకున్న. మొదటిదానికి రెండోదానికి నడుమ మూడేండ్లు. నాలుగోది మొన్న ఏకాదశి నాడు."

ఏకాదశికి ఇవాళ్టికి ఆరురోజులు. "మంచిపని చేసినవ్ చెప్పి," అన్నాను. ఆమె చెయ్యి పట్టుకున్నాను, గాజు ముక్కలతో సహా. "నడు, ముందు బయటికి నడు. సామాన్లు తర్వాత చూసుకుందం."

ఇద్దరం వానలో సందులోకి వచ్చి ఎదురింటి చూరు కింద నిలబడ్డాం. మా ఇల్లు నిలబడే ఉంది. సందులో ఎవరూ లేరు. అప్పుడు మొదలైంది, ఆగి ఆగి, అదే చప్పుడు. నేను గోదా వైపు చూడకుండా నిలబడ్డాను.

"పండ్లు నూరుతుంది," అంది గోదా మెల్లగా. "ఏడేండ్ల సంది వింటున్న. మీకు చెప్పనీకి భయమైంది."